పాత ర్యాప్‌లో ఉన్నదేమిటి, ఇప్పుడు లేనిదేమిటి

"90ల నాటి హిప్‌హాప్ వింటూ పెరిగినవాణ్ణి. ఇప్పుడొచ్చే ర్యాప్ ఒక్కటీ చెవికెక్కడం లేదు. నిజంగానే దిగజారిందా, లేక నాకే వయసు మీదపడిందా?" అని అడిగారు. ఈ ప్రశ్న నన్ను నేనే చాలా ఏళ్లు వేసుకున్నాను కాబట్టి తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ముందు నేనెవరో రెండు ముక్కలు. 1993లో ఎమ్మెస్ చదవడానికి న్యూజెర్సీ వచ్చాను. చదువైపోయాక ఉద్యోగం చేసుకుంటూనే శని ఆదివారాలు ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేశాను. వైర్లు చుట్టడం దగ్గర మొదలుపెట్టి మిక్సింగ్ దాకా వచ్చాను. ఇప్పుడు మా ఊరి లైబ్రరీలో వారానికోసారి హైస్కూలు పిల్లలకి బీట్లు, అంటే ర్యాప్ వెనక మోగే సంగీతం, కట్టడం నేర్పిస్తున్నాను. అప్పటివాళ్ల పక్కనా కూర్చున్నాను, ఇప్పటివాళ్ల పక్కనా కూర్చుంటున్నాను.

నా అనుభవంలో పిల్లల ప్రతిభ వీసమెత్తు తగ్గలేదు. తగ్గింది ఇరుకు. మీరూ నేనూ బెంగపడేది ఆ ఇరుకు వల్ల పుట్టిన చిక్కదనం కోసం. అదేమిటో మెషీన్ దగ్గర కూర్చోబెట్టి చూపిస్తే తప్ప అర్థం కాదు, అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

మా స్టూడియోలో ఎస్పీ-1200 అనే పెట్టె ఉండేది. ఈ-మ్యూ కంపెనీ 1987లో తెచ్చింది. డ్రమ్ మెషీనూ శాంపులరూ కలిసిన సామాను. పాత రికార్డులోంచి ఒక ముక్క తీసి అందులో పెట్టుకుని, మీటలు నొక్కి మళ్లీ మళ్లీ వాయించుకోవచ్చు. దాంట్లో మొత్తం పట్టేది పది సెకన్ల శబ్దం. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు మించకూడదు. డ్రమ్ము, బేసు, పియానో, బాకా అన్నీ ఆ పది సెకన్లలోనే సర్దుకోవాలి. ఒక పాటకి నాలుగు నిమిషాల సంగీతం కట్టాలి, చేతిలో ఉన్నది పది సెకన్ల చోటు.

దానికి అందరూ ఒక ఉపాయం వాడేవారు. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ రికార్డుని 45 చుట్ల వేగంతో తిప్పేవారు. పియానో సన్నగా, కీచుగా పరిగెత్తేది. అలా పరిగెత్తిస్తూ మెషీన్‌లోకి ఎక్కిస్తే రెండున్నర సెకన్ల చోటులో మూడు సెకన్ల పైచిలుకు సంగీతం పట్టేది. ఆ తర్వాత మెషీన్‌లో స్వరాన్ని కిందికి దించి అసలు వేగానికి తెచ్చేవారు. అది 12 బిట్ల మెషీను, అంటే శబ్దాన్ని కాస్త ముతగ్గా దాచుకునేది. అలా దించేటప్పుడు శబ్దం అంచులు అరిగిపోయి, అడుగున సన్నని గరగర చేరేది. మొదటిసారి విన్నప్పుడు స్పీకర్ పాడైందనుకుని నేను వైర్లు పీకి మళ్లీ పెట్టాను. పక్కనున్న ఇంజినీరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అదే కావాలి, ముట్టుకోకు" అన్నాడు.

మీకు ఇష్టమైన ఆ 'పాత వాసన'లో సగం ఈ గరగరే. చోటు చాలక వచ్చిన మరక అది. పీట్ రాక్ లాంటి బీట్లు కట్టేవాళ్లు ఆ మరకని రంగుగా మార్చారు. 1994లో నాస్ అనే ర్యాపర్ మొదటి ఆల్బమ్ 'ఇల్‌మ్యాటిక్'లో 'ద వరల్డ్ ఈజ్ యువర్స్' పాట వినండి. ఆ పియానో జాజ్ విద్వాంసుడు అహ్మద్ జమాల్ రికార్డులోది. ఒక పెద్ద వాయింపులోంచి చిన్న ముక్క కోసుకుని, పీట్ రాక్ దాన్నే తిప్పి తిప్పి వాయిస్తాడు. ఏ ముక్క కోయాలో తెలియడమే అక్కడ విద్య. పది సెకన్లే ఉన్నప్పుడు పనికిమాలిన సెకనుకి చోటు లేదు.

ఆ మాటకొస్తే హిప్‌హాప్ పుట్టుకే అలాంటిది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంటులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టలకి డబ్బు కూడుతుందని పార్టీ పెట్టింది. డీజే ఆమె అన్న క్లైవ్, అంటే కూల్ హర్క్. పాటలో మిగతా వాద్యాలన్నీ ఆగి డ్రమ్ములొక్కటే మోగే కొద్ది క్షణాలకే జనం ఊగిపోతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఇటు అయిపోగానే అటు, అటు అయిపోగానే ఇటు తిప్పి ఆ క్షణాల్ని నిమిషాలుగా సాగదీయడం అతని పద్ధతి. వాద్యబృందాన్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు ఉన్న రెండు రికార్డులతో చేసుకున్న పని అది.

ఇక సాహిత్యం. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మనకి యతిప్రాసలు చిన్నప్పటినుంచీ చెవిలో ఉంటాయి. 1979, 80ల నాటి మొదటి ర్యాప్ పాటల్లో ప్రాస పాదం చివర పడేది. లైను అయిపోతుంది, ప్రాస పడుతుంది, తర్వాతి లైను. వినడానికి హాయిగా ఉంటుంది కానీ రెండో లైను ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోతుంది. 1987లో ఎరిక్ బి, రాకిమ్ కలిసి 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బమ్ తెచ్చారు. రాకిమ్ చిన్నప్పుడు శాక్సఫోన్ వాయించినవాడు, జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు కాల్ట్రేన్ వాయింపు అతని చెవిలో ఉంది. ప్రాసని పాదం మధ్యలో వేశాడు, పాదం దాటించి తర్వాతి పాదం నడుమ వేశాడు, ఒక్క లైనులో మూడు చోట్ల వేశాడు. గొంతు మాత్రం పెంచడు. మనకి అంత్యప్రాసల పాటకీ, అడుగడుగునా అంతరప్రాసలతో నడిచే సీసానికీ ఉన్న తేడా ఎలా వినిపిస్తుందో, ఆ రోజుల్లో ర్యాప్ వినేవాళ్లకి రాకిమ్ అలా వినిపించాడు. ఆ తర్వాత వచ్చిన నాస్, బిగ్గీ, బిగ్ ఎల్ అందరూ ఆ దారిన నడిచినవాళ్లే.

నాస్ ఆ ఆల్బమ్ తెచ్చేనాటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగాడు. 'వన్ లవ్' పాటలో చాలా భాగం జైల్లో ఉన్న స్నేహితులకి రాసిన ఉత్తరాలే. వీధిలో ఏం జరుగుతోంది, ఎవరు మారారు, ఎవరింట్లో ఏమైంది, ఇవన్నీ మామూలు ఉత్తరంలో రాసినట్టే చెబుతాడు. ఆల్బమ్ మొత్తం నలభై నిమిషాల లోపే. నేను దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, తీసేయాల్సిన పాట ఒక్కటీ దొరకలేదు.

ఇరుకు వినేవాళ్లకీ ఉండేది. ఈ సంగతి మనం మర్చిపోతాం. కొలంబియా యూనివర్సిటీ రేడియో డబ్ల్యూకేసీఆర్‌లో స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబిటో గార్సియా నడిపే కార్యక్రమం గురువారం అర్ధరాత్రి ఒంటిగంట దాటాక వచ్చేది. ఇంకా ఆల్బమ్ కూడా లేని కుర్రాళ్లు అక్కడికొచ్చి ర్యాప్ చేసేవాళ్లు. నా దగ్గర తొంభై నిమిషాల క్యాసెట్ ఉండేది, ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు. ఒంటిగంటకి రికార్డింగ్ నొక్కి, రెండు కావడానికి పావుగంట ముందుకి అలారం పెట్టుకుని పడుకునేవాణ్ణి. అలారం మోగగానే లేచి చీకట్లో క్యాసెట్ తిప్పాలి. రూమ్మేట్‌కి శుక్రవారం పొద్దున్న క్లాసుండేది. మేం రాజీపడి అలారం గడియారాన్ని నా దిండు కింద పెట్టుకునే ఏర్పాటు చేసుకున్నాం. తిప్పే లోపు నాలుగైదు సెకన్లు పోయేవి. అందులో ఎవరిదో ఒక ప్రాస పోయేది. వారమంతా బస్సులో ఆ క్యాసెట్టే వినేవాణ్ణి, ఆ ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడల్లా అక్కడ ఏ మాట పడి ఉంటుందో ఊహించుకునేవాణ్ణి.

1995 ఫిబ్రవరిలో బిగ్ ఎల్, జే-జీ ఇద్దరూ కలిసి ఆ కార్యక్రమానికి వచ్చారు. జే-జీ మొదటి ఆల్బమ్ రావడానికి ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఆ రాత్రి నేను నిద్రపోయాను. కొన్ని నెలలకి స్టూడియోలో ఒకతని దగ్గర కాపీకి కాపీ దొరికింది. హిస్ శబ్దం వెనకనుంచి బిగ్ ఎల్ గొంతు వచ్చేది. నాలుగేళ్లకి, 1999లో, బిగ్ ఎల్‌ని హార్లెమ్‌లో కాల్చి చంపేశారు. ఇవాళ ఆ రికార్డింగ్ ఫోన్లో శుభ్రంగా దొరుకుతుంది. ఎన్నిసార్లు విన్నా నా చెవి ఆ హిస్సునే వెతుక్కుంటుంది. మీ బెంగలో కొంత భాగం ఇలాంటిదే అయ్యుంటుంది. పాటతోపాటు దానికోసం మీరు పడ్డ పాటు కూడా లోపల ఉండిపోయింది.

మరి ఆ శబ్దం ఎందుకు పోయింది? ఇప్పటివాళ్లు ఆ విద్య మర్చిపోయినందువల్ల కాదు. చాలావరకు కోర్టు వల్ల పోయింది. 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక తీర్పు వచ్చింది. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓసల్లివన్ 1972 పాటలోంచి ముక్క తీసుకున్నాడని కేసు. జడ్జి తన తీర్పుని బైబిల్లోని 'దొంగిలించరాదు' అనే ఆజ్ఞతో మొదలుపెట్టాడు. క్రిమినల్ కేసు పెట్టే సంగతి చూడమని కూడా రాశాడు. ఆనాటినుంచి ప్రతి ముక్కకీ ముందే అనుమతి, ముందే డబ్బు. 1988లో పబ్లిక్ ఎనిమీ, 1989లో డి లా సోల్ అనే బృందాలు చేసినట్టు ఒక పాటలో పది పాటల ముక్కలు పేర్చే పద్ధతి మామూలు కుర్రాళ్లకి అందనంత ఖరీదైపోయింది. 2005లో ఇంకో అప్పీలు కోర్టు రెండు సెకన్ల గిటార్ ముక్కకి కూడా లైసెన్సు కావాల్సిందేనంది. డి లా సోల్ తొలి ఆల్బములు స్ట్రీమింగ్‌లోకి రావడానికి 2023 మార్చి దాకా పట్టింది. దానికి కొన్ని వారాల ముందే, ఫిబ్రవరిలో, ఆ బృందంలోని ట్రుగోయ్ చనిపోయాడు. ఆ ఆల్బములు స్ట్రీమింగ్‌లోకి రావడం అతను చూడలేదు. ఆ మార్చిలో మొదటి ఆల్బమ్ పెట్టుకుని విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అలాగని కోర్టుది పూర్తిగా తప్పని కూడా నేననలేను. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' రికార్డులో డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ చేతిపని కొన్ని వందల ర్యాప్ పాటల్లో మోగింది. పాట మీద హక్కు ఆయనది కాదు, అందుకని ఆ ముక్కలకి రాయల్టీ ఆయనకి చేరలేదు. పాత కాలాన్ని తల్చుకునేటప్పుడు ఆయన్నీ తల్చుకోవాలి.

తల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. 1990లో జనం నోట్లో ఆడింది రాకిమ్ కాదు, ఎంసీ హామర్, వనిల్లా ఐస్. బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కిన తొలి హిప్‌హాప్ పాట వనిల్లా ఐస్‌దే. అది ఎంతగా పాకిందంటే 1992లో బాబా సెహగల్ దాన్ని 'ఠండా ఠండా పానీ' చేస్తే మన కాలేజీ హాస్టళ్లలో కూడా మోగింది. ఆ కాలపు చెత్తంతా కొట్టుకుపోయింది, మిగిలిన మేలు సరుకునే 'ఆ రోజులు' అంటున్నాం. ఇవాళ్టిది మాత్రం చెత్తా మేలూ కలిపి ఒక్కసారే మీద పడుతోంది. ఆ పోలిక న్యాయం కాదు.

ఇంకోటి చెబుతాను, ఇది తెలిశాకే నా పట్టు సడలింది. షికాగో ర్యాపర్ కామన్ 'ఐ యూజ్డ్ టు లవ్ హర్' అనే పాట చేశాడు. చిన్ననాడు ప్రేమించిన అమ్మాయి నగరాలు తిరిగి, డబ్బు మోజులో పడి మారిపోయిందని చెబుతాడు. చివరికి ఆ అమ్మాయి హిప్‌హాపేనని తెలుస్తుంది. ఆ పాట వచ్చిన సంవత్సరం 1994. మీరూ నేనూ స్వర్ణయుగం అనుకుంటున్న ఏడాదే, 'ఇల్‌మ్యాటిక్' వచ్చిన ఏడాదే, అసలు హిప్‌హాప్ పోయిందని ఒకడు అంత బాగా ఏడ్చాడు. మళ్లీ 2006లో నాసే 'హిప్‌హాప్ ఈజ్ డెడ్' అని ఆల్బమ్ పేరే పెట్టాడు. ఇవాళ ఇరవై ఏళ్లవాళ్లు ఆ 2006ని తల్చుకుని నిట్టూరుస్తున్నారు.

ఆడవాళ్ల గురించి పాత పాటల్లో ఎలా మాట్లాడేవారో మీకు గుర్తుండే ఉంటుంది. నా కూతురు పెద్దదయ్యాక కార్లో కొన్ని ఆల్బములు పెట్టడం మానేశాను. క్వీన్ లతీఫా, లారిన్ హిల్ లాంటివాళ్లు అప్పుడూ ఉన్నారు కానీ వేళ్లమీద లెక్క. ఈ విషయంలో ఇవాళ్టి కాలమే మెరుగు. 2025లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ గ్రామీ డోచీ అనే అమ్మాయికి వచ్చింది. లండన్ నుంచి లిటిల్ సిమ్జ్ రాసే ర్యాప్ ఏ కాలంలోనైనా ముందు వరసలో కూర్చునే రాత.

ఇప్పటి పాటలు మీ చెవికెక్కకపోవడానికి అసలు కారణాల్లోకి వస్తాను. ఒకటి స్ట్రీమింగ్. స్పాటిఫైలో ముప్ఫై సెకన్లు విన్నాకే ఒక్కసారి విన్నట్టు లెక్క. కాబట్టి మొదటి ముప్ఫై సెకన్లలోనే పల్లవి వచ్చేయాలి. ఎన్ని పాటలుంటే అన్ని లెక్కలు, కాబట్టి ఆల్బమ్ పొడుగవ్వాలి, పాట పొట్టిదవ్వాలి. 2018లో మీగోస్ ఆల్బమ్‌లో 24 పాటలు, డ్రేక్ ఆల్బమ్‌లో 25. 2019లో 19 వారాలు మొదటి స్థానంలో కూర్చున్న 'ఓల్డ్ టౌన్ రోడ్' అసలు పాట రెండు నిమిషాలు కూడా లేదు. మూడు చరణాలు కథ చెప్పే ర్యాపర్‌కి ఈ లెక్కలో లాభం లేదు. పది సెకన్ల ఇరుకు ఏరుకోవడం నేర్పింది. ముప్ఫై సెకన్ల ఇరుకు తొందరపడటం నేర్పుతోంది. ఈ ఒక్క విషయంలో మీ కంప్లైంటు అక్షరాలా నిజం, నేను మీ పక్షమే.

రెండోది గొంతు వాడే తీరు. ఫ్యూచర్, యంగ్ థగ్ లాంటివాళ్లని "మాటలు నములుతారు" అని మనవాళ్లు కొట్టిపారేస్తారు. నేనూ కొట్టిపారేశాను. ఒకరోజు లైబ్రరీలో ఒక కుర్రాడు నాచేత యంగ్ థగ్ పాట హెడ్‌ఫోన్లలో వినిపించి, "మాటలు వదిలెయ్యండి, గొంతు ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ విరుగుతుందో వినండి" అన్నాడు. అప్పుడు అర్థమైంది, అతను గొంతుని వాద్యంలా వాడుతున్నాడు. ఆలాపన వింటూ అర్థమేమిటని మనం అడగం. నాస్‌ని వినే చెవితో యంగ్ థగ్‌ని వింటే నిరాశే. అట్లాంటాలో పెరిగిన ఈ ట్రాప్ సంగీతం న్యూయార్క్ బాణీకి కొడుకు కాదు, దాని వేర్లు దక్షిణాదిలోనే ఉన్నాయి. 2013లో మీగోస్‌తో ఊరూరా పాకిన ఆ త్రిశ్రం నడక (దెబ్బకి మూడేసి మాత్రలు) 90లలోనే మెంఫిస్‌లో త్రీ సిక్స్ మాఫియా పాటల్లో ఉంది. న్యూయార్క్ రేడియోలు వినిపించలేదు కాబట్టి మనకి తెలియలేదు. 1995లో 'సోర్స్' అనే హిప్‌హాప్ పత్రిక అవార్డుల సభలో న్యూయార్క్ జనం గేలి చేస్తుంటే అట్లాంటా బృందం అవుట్‌కాస్ట్‌లోని ఆండ్రే వేదికెక్కి దక్షిణాదికీ చెప్పాల్సింది ఉందన్నాడు. ఆ సభ గురించి చదివినప్పుడు గేలి చేసినవాళ్లలో నేనూ ఉండేవాణ్ణేమో అనిపించి సిగ్గేసింది.

మీకు కావాల్సిన పాత బాణీ ఇంకా బతికే ఉంది, పెద్ద రోడ్డు మీద లేదంతే. రాక్ మార్సియానో 2010 నాటి 'మార్క్‌బర్గ్'తో మొదలుపెట్టండి. బఫలో నగరం నుంచి గ్రిసెల్డా బృందంవాళ్లని వినండి, ఆల్కెమిస్ట్ అనే ప్రొడ్యూసర్ ఎవరితో చేసినా వినండి. అవన్నీ నచ్చాక కెండ్రిక్ లమార్ 2015 నాటి 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' దగ్గరికి రండి. అతనికే 2018లో ఇంకో ఆల్బమ్‌కి పులిట్జర్ వచ్చింది. 'బటర్‌ఫ్లై' మొదటిసారి నాకు తలనొప్పి తెప్పించింది. అప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టి, క్యాసెట్ రోజుల్లోలాగా వారంపాటు అదొక్కటే విన్నాను. మూడో రోజుకి తెరుచుకుంది. మీరూ అలా ఒక్క వారం చేసి చూడండి. పాట మధ్యలో దాటేయొద్దు, అదొక్కటే నియమం. వారం తర్వాత కూడా నచ్చకపోతే నచ్చలేదని నిశ్చింతగా చెప్పొచ్చు, అది వయసు తీర్పు కాదు, మీ తీర్పే.

పోయిన చలికాలం లైబ్రరీలో పిల్లలకి ఒక పరీక్ష పెట్టాను. వాళ్ల ల్యాప్‌టాపుల్లో లక్షల శబ్దాలుంటాయి, గంటకి నాలుగు బీట్లు కట్టేస్తారు. ఆ రోజు మాత్రం మొత్తం పది సెకన్లే, ఒక్కో ముక్క రెండున్నర సెకన్లే అన్నాను. ముందు గొణిగారు. అరగంటకి గది నిశ్శబ్దమైపోయింది. ఒక కుర్రాడు వాళ్ల నాయనమ్మ పాడిన చర్చి బృందం పాత క్యాసెట్ తెచ్చుకుని అందులోంచి ఒక్క మాటని కోయడానికి సాయంత్రమంతా తీసుకున్నాడు. లైబ్రరీ మూసే వేళైంది. ఆమె గొంతు చివర సన్నని కంపం ఒకటుంది, అది రెండున్నర సెకన్ల అవతల పడుతోంది. "ఇంకొక్క అర సెకను ఇవ్వరా" అని అడిగాడు.

కుదరదన్నాను. క్యాసెట్ వేగం పెంచి ఎక్కించి, తర్వాత కిందికి దించుకోవడం ఎలాగో చూపించాను.